రెడ్డెమ్మా గ్రేసూ ఒక్కరే

మంగళవారం, మదనపల్లె

చెల్లెలు రెడ్డెమ్మకు జర్మనీ వీసా ఈసారీ రాలేదు. పాస్‌పోర్టులో రెడ్డెమ్మ, పద్దెనిమిదేళ్ళు నర్సుగా చేసిన ఆసుపత్రి లెటర్లో గ్రేస్. బాప్తిస్మం తీసుకున్నాక వార్డులో అందరూ గ్రేస్ అనే పిలిచారు, డ్యూటీ చార్టులోనూ అదే రాశారు. ఇది ఒకనాటికి అడ్డొస్తుందని మాకెవరికీ తోచలేదు.

సాయంత్రం వీసాలు చూసే పుంగనూరు ఏజెంటు వచ్చాడు.

"బెంగుళూరు ఆసుపత్రి లెటరు తెప్పిస్తానమ్మా, రెడ్డెమ్మ పేరుతోనే. గ్రేసును మరిసిపోండి."

"ఒప్పుకుందామా అక్కా? నలభై దాటితే నన్నెవురు తీసుకుంటారు?" అంది చెల్లి.

"ఆ ఆసుపత్రి గేటన్నా సూసుండావా నువ్వు?"

ఏజెంటు నవ్వాడు. "యాడికి పోతాండారో సూడండమ్మా, యాడ పని చేసినారో అదంతా యాల?"

"మాకు రెండూ కావాలప్పా. కాఫీ తాగి బయల్దేరు."

అతను పోయాక చెల్లి ఏడ్చింది. వయసు మాట నన్నూ కలవరపెడుతూనే ఉంది. అయినా దొంగ కాగితం మీద దాన్ని విమానం ఎక్కించను. రేపు పాస్టరుగారి దగ్గర బాప్తిస్మం రిజిస్టరు నకలు తీసుకుంటాం. రెడ్డెమ్మా గ్రేసూ ఒక్కరేనని ఆసుపత్రిలో రాయించుకుంటాం. మళ్ళీ అప్లై చేస్తాం. కాదంటే, మళ్ళీ.

ప్రార్థనలో దాన్ని రెండు పేర్లతోనూ చెప్పుకున్నాను. ఆయన ప్రూఫ్ అడగలేదు. ఆఫీసర్లు అడగనీ, ఇస్తాం.