నాలుగో మడి

శ్రావణ బుధవారం, ఎల్లారెడ్డి.

డాక్టరేట్ పూర్తి చేసి ఈ వరి పరిశోధన క్షేత్రంలో చేరి పదకొండు రోజులు. ఆరు మళ్లలో ఆరు రకాలు నాటించాను. నాలుగో మడికి నారు చాలలేదు. సాయంత్రం వెళ్లి చూస్తే మడి నిండుగా ఉంది.

నాటు వేసే ఆడవాళ్లకు పెద్ద సాయవ్వ. ఎలా నిండిందని ఆమెనే అడిగాను.

"మడిల ఎలితి ఇడిస్తె ఇంటికి మంచిది గాదు దొరా. ఐదో మడిల నారు మిగిలింది, తెచ్చి పెట్టినం" అంది. నాకేదో మేలు చేసినట్టే చూసింది.

రెండు రకాలు కలిసిపోయాయి. ఇప్పుడు చూస్తే రెండూ ఒకటే పచ్చ, ఏరి తీయలేను. ఆ మడి ఈ ఏడాదికి పోయినట్టే. బాధ వేయాలి. ఏమీ అనిపించడం లేదు.

మా పై అధికారి ఖాదర్ సాహెబ్‌కు చెప్పాను, తప్పు నాటువాళ్లదని.

"ఎందుకు కలపద్దో వాళ్లకు చెప్పినవా?"

"లేదు సాహెబ్."

ఆయన కోప్పడలేదు. రిజిస్టర్ తీసి రాశారు: "నాలుగో మడి చెడింది. నాటుకు ముందు కూలీలతో మాట్లాడాలని కొత్తగా వచ్చినతనికి నేను చెప్పలేదు." సంతకం చేసి, కింద నాకు రెండు వరుసల జాగా వదిలి, కలం నా ముందు పెట్టి నమాజుకు వెళ్లారు.

నేను ఏమీ రాయకుండా వచ్చేశాను. ఇక్కడ, ఈ డైరీలో మాత్రం పేజీ నిండింది. అక్కడ రిజిస్టర్‌లో ఆ రెండు వరుసల వెలితి అలాగే ఉంది.