చివర నిలబెట్టిన బిడ్డ

2006 జూన్ 14, బుధవారం

ఈరోజు బీసీజీ టీకా బుడ్డి తెరవలేదు. ఇద్దరే పిల్లలు. ఒకసారి మందు కలిపితే మధ్యాహ్నానికల్లా మిగిలింది పారబోయాలి, అందుకని నలుగురైదుగురు చేరేదాకా ఆగడం మా అలవాటు. వచ్చే వారం రండమ్మా అని పంపేశాను.

అందరూ వెళ్ళాక నాగవేణి మిగిలింది. ఒళ్ళో నెలన్నర పాప. మొగుడు బోరు బండి మీద పనిచేసేవాడు, ఉగాదికి ముందే పోయాడు. అప్పటినుంచి పుట్టింట్లో, ఈ పల్లెలోనే ఉంది. తలుపు దగ్గరగా వేసి వచ్చి కూర్చుంది.

"సిస్టరమ్మా, కాన్పుకు ముందర రగతం సూసినారు. నాకు ఆ జబ్బు ఉండాదంట. పాపకు పుట్టంగానే ఏందో మందు పోసినారు. సూదులు మాత్రం మీ ఊర్లో అడుక్కోపో అన్నారు. ఏపించొచ్చా?"

 ఇన్నేళ్ళుగా టీకాలు వేస్తున్నాను, ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. కనుక్కుని చెప్తాను తల్లీ, అన్నాను.

"మాయమ్మకు తప్ప ఎవురికీ తెలీదు."

పాప మాత్రం నా వేలు పట్టుకుని వదల్లేదు. గట్టి పట్టు.

జూన్ 15

పీహెచ్‌సీలో అడిగాను. తలా ఒక మాట. ఒకాయన అసలేమీ వేయొద్దన్నాడు. ఇంకొకామె పోలియో చుక్కలు చాలంది. కొత్తగా వచ్చిన డాక్టరు చిన్నవాడు, గొప్పలకు పోలేదు. "నేనూ కనుక్కోవాలి సిస్టర్. వచ్చే వారం మదనపల్లెలో ట్రైనింగు ఉంది కదా, అక్కడ అడగండి" అన్నాడు. ఎవరి బిడ్డ అని మాత్రం ఎవరూ అడగలేదు. బతికిపోయాను.

ఇంటికొస్తే మా ఆయన అంగడి గల్లాపెట్టె దగ్గర నుంచే... "మొగం ఏంది అట్లుండాది? ఈపొద్దు టీకా నీకే ఏసినారా?"

నవ్వొచ్చింది. చెప్పాలనీ అనిపించింది. చెప్పలేదు.

జూన్ 18, ఆదివారం

వాన. పుంగనూరులో ఇంత వాన పడి ఎన్నాళ్ళయింది! వసారాలో కూర్చుంటే ఊరికే రాజమ్మక్క గుర్తొస్తోంది.

తొంభైల మొదట్లో, నేను ఉద్యోగంలో చేరిన కొత్త. ఆమె నాకు పై ఉద్యోగి, కానీ ఒక్కరోజూ అలా మసలలేదు. తొలి బస్సుకు ఇద్దరం బయలుదేరేవాళ్ళం. ఆమె భుజానికి ఐస్ పెట్టె, నా చేతిలో కిరోసిన్ స్టవ్వు. పల్లెలో దిగగానే ఏదో ఒక పంచలో స్టవ్వు వెలిగించి, గాజు సిరంజీలూ సూదులూ గిన్నెలో వేసి ఉడకబెట్టాలి. నీళ్ళు మరుగుతుంటే పిల్లలు చుట్టూ మూగేవాళ్ళు. సోమల దగ్గర ఒక ముసలాయన వచ్చినప్పుడల్లా అదే మాట.

"ఏమ్మా, ఉడికినాయా? ఉప్పు సూసినారా?"

"నీకే మొదట వడ్డిస్తా, రాప్పా" అనేది రాజమ్మక్క. ఆయన పంచె ఎగ్గట్టి పారిపోయేవాడు.

పని అయ్యాక ఎవరో ఒకరు పిలిచి సంగటి, చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి పెట్టేవాళ్ళు. ఆ రుచి నాకు మళ్ళీ యాడా దొరకలేదు... చూడు, తలుచుకుంటే మాట కూడా మారిపోతోంది.

ఆమె పద్ధతి ఒకటి ఉండేది. ఇంట్లో క్షయ ఉన్నా, కామెర్లున్నా, ఆ బిడ్డకు అందరికన్నా చివర. ఆ సూది మళ్ళీ ఉడికాకే ఇంకొకరికి. నేను ఆమె దగ్గర నేర్చుకున్న మొదటి విషయం అది. నా చేతులు ఇప్పటికీ అదే చేస్తాయి.

జూన్ 22, మదనపల్లె

ట్రైనింగు. బస్సు దిగగానే ఆ చల్లగాలి, టమోటా లారీలు, బురద. మేము నర్సు ట్రైనింగు చదివిన రోజుల్లో ఈ దారంతా నడిచే తిరిగాం. హాస్టల్లో నా పక్క మంచం ఉషది. ఇప్పుడు కుప్పంలో నాలాగే ఏఎన్‌ఎం. ఆమె కూడా వచ్చింది! లావయింది. నన్ను కూడా అదే అంది.

పాఠం చెప్పడానికి వచ్చిన డాక్టరమ్మ మొదటే అడిగేసింది. హెచ్‌ఐవి ఉన్న తల్లి బిడ్డకు టీకాలు వేయొచ్చనే వాళ్ళు చేతులెత్తండి. కొన్ని లేచాయి, కొన్ని సగం లేచి ఆగాయి. పక్కవాళ్ళ చేతులు చూసి ఎత్తినవే ఎక్కువ. ఉష ఎత్తలేదు. నేను సగం ఎత్తినదాన్ని.

ఆమె ఓపిగ్గా చెప్పింది. తల్లికి ఉన్నంత మాత్రాన బిడ్డకు వచ్చినట్టు కాదు. బిడ్డ బాగా ఉంటే, అందరి పిల్లలకూ వేసినట్టే అన్నీ వేయాలి, బీసీజీతో సహా. బిడ్డలో జబ్బు లక్షణాలు కనిపిస్తే మాత్రం బీసీజీ వేయకండి. తొమ్మిదో నెల తట్టు టీకా కూడా, బిడ్డ బాగా చిక్కిపోయి జబ్బుగా ఉంటే డాక్టరు చూడకుండా వేయొద్దు. మామూలు పిల్లలకన్నా వీళ్ళకే తట్టు ప్రమాదం, కాబట్టి భయపడి మానేయకండి.

ఇంతేనా! ఇంత చిన్న సంగతికి ఎనిమిది రోజులు నిద్ర పాడుచేసుకున్నాను.

టీ దగ్గర ఉష: "మా సెంటరుకు అట్లాంటి బిడ్డ వస్తే నేనైతే అందరికీ ఏసి పంపించి, కడాన ఏస్తా. మనసుకు నెమ్మది."

అందరం తలలూపాం. నేను కూడా.

జూన్ 28, బుధవారం

వేశాను. అందరికీ అయ్యాక, చివర. బీసీజీ, ట్రిపుల్ సూది, చుక్కలు. పాప ఒక్క కేక వేసి ఊరుకుంది. నాగవేణి ఏడ్చింది.

"అందురి బిడ్డల మాదిరే ఏసినారు గదా?"

అందరి బిడ్డల్లాగే తల్లీ, అన్నాను. ఎంత సంతోషమో నాకు. బస్సులో కూర్చుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

జూలై 26

రెండో విడత. ఇరవైమందికి పైనే పిల్లలు. నాగవేణి ముందే వచ్చి నిలబడింది. నేనే "నువ్వు కాసేపు ఆగు తల్లీ" అన్నాను. పక్కకు జరిగింది. ఆమె తర్వాత వచ్చినవాళ్ళు, వాళ్ళ తర్వాత వచ్చినవాళ్ళు... అందరికీ అయ్యాక పిలిచాను.

మనవణ్ణి ఎత్తుకొచ్చిన గంగులమ్మ ఇంకా అరుగు మీదే ఉంది. ఆకువక్క నములుతూ అడిగింది.

"సిస్టరమ్మా, ఆ నాగవేణి బిడ్డను యాల ఎప్పుడూ కడాన పిలస్తావు? పోయిన తూరీ అంతే. ఏమన్నా ఉండాదా?"

ఏం లేదవ్వా అన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు. నాగవేణి పాప చొక్కా సర్దుతూ తలెత్తలేదు.

ఆగస్టు 2

ఇంకా గంగులమ్మ మాట దగ్గరే ఆలోచన. ఇప్పుడు సూది బిడ్డకొకటి. వేయగానే అది మళ్ళీ పనికిరాకుండా బిగుసుకుపోతుంది. మరి ఎందుకు ఆగమన్నాను? దేనికి?

ఆగస్టు 23, బుధవారం

నాగవేణి రాలేదు. బీసీజీ పుండు మాని చిన్న మచ్చ పడి ఉండాలి ఈపాటికి. చూద్దామనుకున్నాను.

ఆగస్టు 24

వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళమ్మ వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. కూర్చోమనలేదు.

"కుప్పం పోయిందమ్మా, మా చెల్లెలింటికి. ఈడ ఎట్లుంటుంది? బోరింగు కాడ ఆడోళ్ళు దాని బిందె పక్కకు జరిపినారు. నువ్వేమీ సెప్పలేదులే. నాకు తెలుసు. సెప్పకుండానే తెలిసిపోయింది వాళ్ళకు."

అంతకన్నా తిట్టి ఉంటే బాగుండేది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సు రాలేదు. చాలాదూరం నడిచాను. సిగ్గేసింది. నోరు మూసుకుంటే చాలు, గుట్టు దాగుతుందనుకున్నాను.

సెప్టెంబరు 3, ఆదివారం

మదనపల్లె వెళ్ళి రాజమ్మక్కను చూసి వచ్చాను. రిటైరై కూతురి దగ్గర ఉంటోంది. మోకాళ్ళు పట్టేశాయి, నోరు మాత్రం అలాగే ఉంది. నన్ను చూసి "యాడికి పోయినావే ఇన్నాళ్ళు, నేను సచ్చినాననుకున్నావా?" అంది.

పేరు చెప్పకుండా అంతా చెప్పాను. మోకాళ్ళు రుద్దుకుంటూ విని, అంది.

"అప్పుడు ఉడకబెట్టేది ఉండె గదా, దానికి కడాన. ఇప్పుడు స్టవ్వే లేదు గదే పిచ్చిదానా. స్టవ్వు పాయ, గిన్నె పాయ, అది ఒకటి యాల మిగుల్చుకుంటివి?"

నీ జ్ఞాపకంగా అక్కా, అందామనుకున్నాను. అది నిజం కూడా. ఆ రోజుల్లోది ఏ ఒక్కటీ వదులుకోవడం నాకు ఇష్టం లేదు. ఆ స్టవ్వు వాసన, ఆ తొలి బస్సు, ఆమె వెనక నడిచే నేను. వాటితోపాటే ఇది కూడా అంటిపెట్టుకుని వచ్చింది.

వచ్చేటప్పుడు నా చేతిలో బొరుగుల పొట్లం పెట్టింది. అప్పట్లోలాగే.

సెప్టెంబరు 6, బుధవారం

ఈరోజు నుంచి ఎవరు ముందొస్తే వాళ్ళకే. జ్వరం ఇంటి పిల్లలు, దగ్గు ఇంటి పిల్లలు, ఎవరైనా సరే. గంగులమ్మ మనవడు ఈసారి చివర పడ్డాడు. ముసల్ది గింజుకుంది. కాస్త తృప్తిగానే అనిపించింది, ఏమనుకున్నా సరే.

అక్టోబరు 19

దీపావళి పనులు. మా ఆయన అంగడి నిండా టపాకాయలు. నాగవేణి పాపకు ఆరో నెల దాటుతోంది.

2007 జనవరి 28, ఆదివారం

ఎల్లుండి కుప్పం ప్రయాణం. మా ఆడబిడ్డ కొత్త ఇంట్లో పాలు పొంగిస్తున్నారు. ఉషకు ఫోన్ చేశాను. వస్తే నా ఇంటికి రాకుండా పోతావా అని పోట్లాడింది.

పాపకు తొమ్మిది నెలలు నిండాయి. తట్టు టీకా సమయం.

జనవరి 30, మంగళవారం, కుప్పం

పలమనేరులో బస్సు మారి, బైరెడ్డిపల్లె చేలు చూస్తూ వచ్చాను. ఉలవ కోసేశారు.

పాలు పొంగించడం అయ్యాక, నాగవేణి వాళ్ళమ్మను బతిమాలి తెలుసుకున్న గుర్తులు పట్టుకుని వెతికాను. రైలుకట్ట అవతల ఇరుకు వీధి. అరుగు మీద ఆడవాళ్ళు ఊదుబత్తీలు చుడుతున్నారు. వాళ్ళ మధ్య నాగవేణి! నవ్వుతూ ఏదో చెబుతోంది, సగం తమిళంలో. ఆమె నవ్వడం నేను అంతకుముందు చూడలేదు. నన్ను చూడగానే చేతులు ఆగిపోయాయి.

లోపలికి తీసుకెళ్ళింది. తప్పయింది తల్లీ, అన్నాను. ఆమె ఆ మాట పట్టించుకోలేదు, చాప వేసింది.

"ఈడ బాగుండాను సిస్టరమ్మా. మూడో సూది ఈడనే ఏపించినా. నేనే మొదట నిలబడుకున్నా. ఆ సిస్టరు పాపను ఎత్తుకొని ముద్దు గూడా పెట్టుకొనె. నేను ఏమీ సెప్పలేదు."

ఆ సిస్టరు ఎవరో నాకు తెలుసు. ఉష.

పాప నిద్రపోతోంది. చేయి పట్టుకుని చూశాను. బొమికలే. నోరు తెరిపించాను. నాలుక, బుగ్గల లోపలంతా తెల్లగా పూసి ఉంది. దగ్గు. రెండు నెలలుగా ఇలాగే ఉందట.

 డాక్టరుకు చూపించాలి, రేపే, అన్నాను. ఉషకు చెప్తే తనే తీసుకెళ్తుంది, గుట్టుగా ఉంచుతుంది, నాది పూచీ. తట్టు టీకా డాక్టరు చూశాకే వేయాలి.

"రేపు సూది ఏపించుకొని, వచ్చే వారం పెద్దాస్పత్రికి పోతా. ఆయమ్మకు మాత్రం సెప్పొద్దు. మనూర్లో గూడా గుట్టు దాస్తానని పూచీ అంటివి గదా... అనలేదా?"

అనలేదు. అప్పుడు అన్నట్టే నమ్మింది.

సాయంత్రం ఉష ఇల్లు. కాఫీ, హాస్టలు కబుర్లు. వార్డెనమ్మ కళ్ళజోడు దాచిన సంగతి చెప్పి ఉష పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను, కళ్ళలో నీళ్ళొచ్చేంత. ఆ పద్దెనిమిదేళ్ళ పిల్లలం మళ్ళీ అయిపోతే ఎంత బాగుండు.

"ఎవురినో సూడను పోయినావంటనే మద్దేన్నం?" అంది ఉష గ్లాసులు తీస్తూ.

మా ఊరి పిల్ల, అన్నాను.  ముందు నాగవేణి ఒప్పుకోవాలి. ఈసారైనా ఆమెను అడక్కుండా నేనేదీ చేయను. కానీ ఆ నోట్లో తెలుపు...

జనవరి 31, బుధవారం

తెల్లారగానే రైలుకట్ట దాటి వెళ్ళాను. ఒప్పించాలని. కాళ్ళు పట్టుకునైనా సరే. తలుపు నాగవేణి చిన్నమ్మ తీసింది.

"అది అప్పుడే పోయిందమ్మా. ఆలిస్యమైతే లైన్లో ఎనక్కి పోతానని బిడ్డను చుట్టుకొని పరిగెత్తె."

ఉష సెంటరు ఎదురుగా టీ అంగడి బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. మంచు ఇంకా విడలేదు. మెట్ల మీద నాగవేణి ఒక్కతే ఉంది. ఇంకెవరూ రాలేదు. నన్ను చూసింది. లేచి రమ్మని సైగ చేశాను. తల అడ్డంగా ఊపి, పాప తలమీద గుడ్డ సర్ది, తలుపుకు ఇంకా దగ్గరగా జరిగి కూర్చుంది.

వీధి చివర ఉష వస్తోంది, భుజాన ఐస్ పెట్టెతో. నన్ను చూసి చేయి ఊపుతోంది.