సలాములు వద్దు

7 జులై 1984, శనివారం

ఆఫీసులో నా టెలిఫోన్ పక్కన ఒక నల్ల డబ్బా పెట్టారు. ఆన్సరింగ్ మెషీన్. మా మేనేజర్ నాగభూషణం గారు లండన్ ఎగ్జిబిషన్ నుంచి ఒళ్లో పెట్టుకుని తెచ్చారట. డైరీలో కూడా గారు ఎందుకు, వద్దు. తెచ్చాడు. ఇన్నోవేషన్ అనకుండా మంచినీళ్లు కూడా తాగడు ఆ మనిషి. ఏసీలు రిపేర్ చేసే కంపెనీకి ఇదొక్కటి చాలు, కస్టమర్ సర్వీస్ ఎక్కడికో వెళ్లిపోతుందన్నాడు. ఇక నేను ఫోన్ ఎత్తక్కర్లేదట. కూర్చుని బిల్లులు టైప్ చేసుకోవచ్చట.

మెషీన్‌లో గొంతు మాత్రం నాదే కావాలట. ఆరేళ్లుగా ఈ ఫోన్ ఎత్తుతున్నది నేనే, కస్టమర్లకు నా గొంతు అలవాటు. నేను అరబిక్ నేర్చుకున్నదే వాళ్ల దగ్గర. మీ ఫోన్ మాకు ముఖ్యం, బీప్ తర్వాత మీ కంప్లైంట్ చెప్పండి అని మూడు భాషల్లో చదివించాడు. పెళ్లిచూపుల్లో పాట పాడించినట్టు మళ్లీ మళ్లీ చదివించాడు.

ఇంటికొచ్చి మా ఆయన వరప్రసాద్‌కి చెప్తే నవ్వాడు. మే నెలలో అతని కంపెనీ మూతపడ్డాక ఈ ఇంట్లో నవ్వు వినడం ఇదే. అతనికి వీసా ఇచ్చే కొత్త కఫీల్ దొరికేదాకా కువైట్‌లో ఈ రిగ్గై ఫ్లాట్ అద్దె నా జీతం మీదే. ఈ దేశంలో ఉండనిచ్చే నా ఇఖామా కాగితం రెన్యువల్ వచ్చే నెల. అందుకే ఎన్నిసార్లు చదవమంటే అన్నిసార్లు చదివాను.

10 జులై

రోజంతా టైపింగ్. ఫోన్ మోగుతుంది, నా గొంతే జవాబు చెప్తుంది.

11 జులై, మధ్యాహ్నం

టేపు విని కంప్లైంట్లు రాసుకోమన్నాడు. విన్నాను. ఒక్క కంప్లైంటూ లేదు. అన్నీ సలాములే.

ఈ కువైటీల పద్ధతి తెలిసినవాడెవడూ ఇలాంటి డబ్బా కొనడు. ఫోన్‌లో ముందు సలాం. తర్వాత ఎలా ఉన్నావు, ఏం విశేషాలు, ఇంటాయన ఎలా ఉన్నాడు, ఇండియాలో మీ అమ్మ ఎలా ఉంది. అవతలివాళ్లు ఒక్కోదానికీ అల్హమ్‌దులిల్లా, దేవుడి దయ అని, తిరిగి అవే అడగాలి. అప్పుడు గాని ఏసీ సంగతి రాదు. మన దగ్గర మాత్రం ఏం, పంచదార అరువుకొచ్చిన మనిషి గుమ్మంలోనే గిన్నె చాపుతుందా? మెషీన్ ఇచ్చేది ముప్పై సెకన్లు. ఆ తర్వాత పీక నొక్కేస్తుంది.

రుమైథియా నుంచి ఉమ్ జాసిమ్ చేసింది. మొన్న ఈద్‌కి డ్రైవర్‌ని వెంటబెట్టుకుని ఆఫీసుకొచ్చి నా చేతిలో హల్వా డబ్బా పెట్టి వెళ్లిన ముసలావిడ. పక్షవాతంతో మంచం పట్టిన భర్త ఉన్నాడు. ఎలా ఉన్నావు బిడ్డా అని అడిగి, నా జవాబు కోసం ఆగింది. మళ్లీ అడిగి మళ్లీ ఆగింది. కుముదినీ, నా మీద కోపమా అంది. అక్కడితో బీప్.

గొంతు పట్టి ఎవరెవరో పోల్చుకుని, మెకానిక్ దొరబాబుని ఇళ్లకు పంపాను. ముందు ఉమ్ జాసిమ్ ఇంటికే. కంప్రెసర్ కాలిపోయింది, ముసలాయన్ని తడిగుడ్డలు కప్పి పడుకోబెట్టారు అన్నాడు వచ్చి.

25 జులై

నాగభూషణం గోడకి గ్రాఫ్ అంటించాడు. కంప్లైంట్లు సగానికి సగం పడిపోయాయట. మెషీన్ వల్ల పెర్ఫార్మెన్స్ పెరిగిందట. కంప్లైంట్ చెప్పే వీల్లేకుండా నోరు నొక్కితే పడిపోక ఏం చేస్తాయి? మా కఫీల్, కంపెనీ ఓనర్ అబూ సాలెహ్ ఆ గ్రాఫ్ చూసి అతనికి వాచీ ఇచ్చాడు. రోజంతా చెయ్యి ఊపుకుంటూ తిరిగాడు. అసహ్యం వేసింది.

29 జులై

నిన్న దొరికిపోయాను. టేపులో అడ్రస్ లేని ఇళ్లకు వ్యాన్ ఎందుకు వెళ్తోందని అడిగాడు. గొంతులు గుర్తుపట్టి పంపుతున్నానని చెప్పాను. అది సిస్టం కాదన్నాడు. నా వల్ల అంకెలు పాడవుతున్నాయట. ఇకమీదట పేరు, అడ్రస్ టేపులో పడితేనే అది కంప్లైంట్.

ఆ సాయంత్రమే మగవాళ్లంతా చేరి కబుర్లాడుకునే దివానియాలో అబూ సాలెహ్ పరువు పోయింది. మీ ఆఫీసు పిల్ల సలాంకి బదులివ్వడం మానేసింది, ఇంత పొగరెక్కడిది అని పెద్దమనుషులు అడిగారట. బదులివ్వనిది డబ్బా. పొగరు మాత్రం నాది.

1 ఆగస్టు

నాగభూషణం దీనికీ ఇన్నోవేషన్ కనిపెట్టాడు. కొత్త మాటలు రాసి తెచ్చాడు. సలాములు, కుశల ప్రశ్నలు వద్దు. పేరు, బ్లాకు, ఇంటి నంబరు, కంప్లైంట్ మాత్రమే చెప్పండి.

అరబిక్‌లో ఈ మాట ఎవరూ అనరు, సలాం వద్దనడం ముఖం మీద తలుపు వెయ్యడమే అన్నాను. ఇంటికొచ్చినవాళ్లని బయటే నిలబెట్టి పనేంటని అడిగినట్టుంటుంది అన్నాను. విన్నాడు. విని, నా ఇఖామా కాగితాలు అబూ సాలెహ్ సంతకానికి పంపాలా, ఆపాలా అని మెల్లగా అడిగాడు. మనవాడు, మన భాషలోనే అడిగాడు.

చదివాను.

గొంతులో ఇంకొంచెం చిరునవ్వు పెట్టమన్నాడు. పెట్టి మళ్లీ చదివాను. ఇంటికొచ్చి కోల్గేట్‌తో నోరు కడుక్కున్నాను. వరప్రసాద్ ఏమైందని అడిగితే ఇఖామా పనైపోతుంది అని మాత్రం చెప్పాను. అమ్మయ్య అన్నాడు. అతన్నేం అనను. నన్నే అంటాను.

12 ఆగస్టు

పని చేస్తోంది. అదీ దారుణం. టేపు నిండా పేర్లు, బ్లాకులు, నంబర్లు. ఒక్కరూ ఎలా ఉన్నావని అడగడం లేదు. వ్యాన్ రోజుకి రెట్టింపు ఇళ్లు తిరుగుతోంది. గ్రాఫ్ ఈసారి నిజంగానే బాగుంది, నాకు దాన్ని చింపడానికి కూడా సాకు లేదు.

దొరబాబు అమలాపురం వైపు మనిషి, మనసులో ఏదీ దాచుకోడు. ఆయ్, పనైతే బేగా అయిపోతందండి మేడంగారూ, కాఫీ ఇచ్చేవోళ్లు కూడా ఇవ్వట్లేదండి, తలుపు తీసి ఏసీ చూపించి ఎళ్లిపోతన్నారండి అన్నాడు. ఉమ్ జాసిమ్ ఇంటికీ వెళ్లాడట, నా గురించి అడిగిందా అన్నాను. లేదండి అన్నాడు. వెళ్లబోతూ, మీ పేరు నేనే ఎత్తానండి, ఇనపడనట్టే ఉందండి అన్నాడు.

ఆవిడకి ఫోన్ చేద్దామని రెండుసార్లు రిసీవర్ ఎత్తాను. ఏం చెప్పాలి? ఆ మాట అన్నది మెషీన్ అనా? గొంతు నాదే కదా.

20 ఆగస్టు

ఇఖామా స్టాంప్ అయింది. జీతం కూడా పెంచారు. నాగభూషణం స్వీట్లు పంచాడు. తిన్నాను, సిగ్గులేకుండా.

30 ఆగస్టు, గురువారం

ముబారకియా సూక్ బజార్లో టొమాటోల దగ్గర ఉమ్ జాసిమ్ కనిపించింది. నేనే ముందు అస్సలాము అలైకుమ్ అన్నాను. ఎలా ఉన్నారు, ముసలాయన ఎలా ఉన్నారు అన్నాను.

ఆవిడ తన పేరు చెప్పింది. బ్లాకు చెప్పింది. ఇంటి నంబరు చెప్పింది. కంప్లైంట్ ఏమీ లేదంది.