మలుపు మధ్యలో బ్రేకు

బామ్మర్దీ,

నిన్న నీ చేతికి అప్పజెప్పింది అరవై అట్టల గుడ్లు, వ్యాను, పక్క సీట్లో మీ అక్క. లేవగానే వ్యాను కడుగు. వెనక తలుపు తీసే ఉంచాను. చన్నీళ్లే పొయ్యి, వేడినీళ్లు పోస్తే సొన ఉడికి రేకుకు అంటుకుంటుంది. ఛీ, ఏం కంపు!

ఘాట్ రోడ్డులో మేక అడ్డొచ్చిందని మీ అక్క చెప్పింది. నిన్ను వెనకేసుకురావడం తనకి చిన్నప్పటి అలవాటు. సాయంత్రం ఆ మలుపులో మీకు ఎదురొచ్చిన లారీ డ్రైవరు మన కొట్టు దగ్గరికి వచ్చాడు. "మీవాడు హారన్ కొట్టుకుంటూ నా మీదికే వచ్చాడండీ. మలుపు మధ్యలో బ్రేకు తొక్కాడు, బండి జారింది" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

హారన్ కొడితే కొండ పక్కకు జరుగుతుందట్రా? వేగం మలుపుకు ముందే తగ్గించాలి, తిరిగేటప్పుడు కాదు. అవతల కనబడకపోతే ఎవడో వస్తున్నాడనే లెక్క. ఎన్నిసార్లు చెప్పినా చెవిటివాడి ముందు శంఖమే.

తాళంచెవి పట్టుకెళ్తున్నా. ఇక అడగకు.

– బావ

నిన్న నీకు అప్పజెప్పినవాటిలో నాకు చెక్కుచెదరకుండా దక్కింది ఒక్కటే. మీ అక్క లోపల గురకపెట్టి నిద్రపోతోంది. బకెట్లతో చప్పుడు చెయ్యకు.