పెసరకట్టు

పెనుకొండ, 3-8-1958

నీలావతికి జ్వరం దిగింది. ఇరవై మూడు రోజుల టైఫాయిడ్. ఇక మందంతా తిండేనన్నాడు డాక్టరు. గట్టిది మాత్రం ఏదీ పెట్టకూడదట. ఒంటికి బలం పట్టకపోతే జ్వరం తిరగబెడుతుందనీ, ఈసారి తట్టుకోలేదనీ నన్ను వరండాలోకి పిలిచి చెప్పాడు. ఆ మాట నీలావతికి చెప్పలేదు. ధర్మవరంలో మా అత్తగారు కూడా మంచాన పడి ఉన్నారు. వండాల్సింది నేనే. తాలూకా ఆఫీసులో పదేళ్ళుగా క్లర్కుని. పొయ్యి వెలిగించడం రాదు.

4-8-58

పక్కింటి యల్లక్క గోడ మీంచి చెప్పింది, ఆయమ్మకు పెసరకట్టు పెట్టమని. సరేనన్నాను. అదేమిటని అడిగితే చులకనైపోతానని అడగలేదు. ఎలాగో పొయ్యి రాజేసి పెసలు ఉడకబెట్టి, పాత పంచె చించి మూటగట్టి, గోరువెచ్చగా నీలావతి కడుపుకి కట్టాను. ఎందుకంది. వైద్యమన్నాను. అటు తిరిగి పడుకుంది. భుజాలు కదులుతుంటే నొప్పేమో అనుకున్నాను.

సాయంత్రం

నొప్పి కాదు, నవ్వు. యల్లక్క వచ్చి మూట చూసి గుమ్మంలోనే కూలబడింది. "కట్టంటే కట్టేది కాదప్పా, తాగేది" అంది.

తర్వాత పొయ్యి దగ్గర కూర్చుని నేర్పింది. పెసరబేడలు దోరగా వేయించాలి. నీళ్ళు బాగా పోసి మెత్తగా ఉడికించాలి. గరిటె పెట్టి కెలక్కూడదు. పైకి తేరిన నీళ్ళే కట్టు. జీలకర్ర, ఉప్పు చివర్న. తన ఇంట్లో పొయ్యి ఆర్పుకుని వచ్చింది నా కోసం. చేతులెత్తి మొక్కాలనిపించింది. సిగ్గేసి ఊరుకున్నాను.

6-8-58

కట్టు బాగా కుదిరింది. నీలావతి రెండు స్పూన్లు తాగి చాలంది.

7-8-58

మళ్ళీ రెండు స్పూన్లే. లీవు పెట్టి, పొద్దుట్నుంచీ గ్లాసు పట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. ఆమె తాగాకే నేను తినాలని ఒట్టు పెట్టుకున్నాను. బతిమాలాను. కోప్పడ్డాను కూడా. గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి. చూస్తే భయమేస్తోంది.

8-8-58

డాక్టరు వచ్చాడు. నాడి చూసి, ఫీజు తీసుకోకుండా వెళ్ళాడు.

9-8-58, పదకొండు గంటలు

యల్లక్క చీవాట్లు పెట్టింది. "నువ్వు తినకుండా ఎదురుగా కూసోని చూస్తాంటే ఆయమ్మకు గొంతు యాడ దిగుతాది? ముందు నువ్వు తిని, బయటికి పో."

పెళ్ళయి ఆరేళ్ళు. నీలావతి అన్నం తింటుంటే నేను ఒక్కసారీ చూడలేదు. నేను తిని లేచాక వంటింట్లో తలుపు చాటున తినేది. ఏం తినేదో, ఆమెకు ఏం మిగిలేదో తెలీదు. ఆరేళ్ళు నాకు వేడివేడిగా పప్పు వడ్డించిన మనిషి. ఒక్కనాడు బాగుందనలేదు.

గ్లాసు ఆమెకు అందేచోట పెట్టాను. నేనింత అన్నం తిన్నాను. తిన్నానని గట్టిగా చెప్పి అరుగు మీద కూర్చున్నాను. అరగంట తర్వాత వెళ్తే గ్లాసు ఖాళీ. మళ్ళీ అరుగు మీదికొచ్చి ఏడ్చాను. వీధిలో వాళ్ళు చూస్తే చూడనీ.

10-8-58

మూడు గ్లాసులు. యల్లక్క చల్లగా ఉండాలి.

20-8-58

డాక్టరు అన్నం పెట్టమన్నాడు. జ్వరం ఇక తిరగబెట్టదట. మెత్తటి అన్నం, పెసరపప్పు, చుక్క నెయ్యి. నువ్వు వండిన పప్పు చాలా బాగుండేదని నీలావతితో చెప్పాను. ఏ రోజుదని అడిగింది. అన్ని రోజులదీ అన్నాను. చాలాసేపు నా వైపు చూడలేదు.

21-8-58

రెండు పళ్ళేలూ పక్కపక్కనే పెట్టి, కలిసి తిందామన్నాను. "నాకు సిగ్గయితాది. మీరు గోడపక్కకు తిరగండి" అంది. తిరిగాను. గోడను చూస్తూ తిన్నాను. వెనక గరిటె చప్పుడైంది. మారు వడ్డించుకుంటోంది.