జూమ్ లేని కెమెరా

ధర్మవరం,
ఆదివారం.

అక్కకు,

నీ తమ్ముడు సత్యం నీ పాదాలకు నమస్కరించి రాస్తున్నాడు. నువ్వూ బావగారూ కులాసాగా ఉన్నారని అనుకుంటున్నాను. బావగారి మోకాలి నొప్పి తగ్గిందా? ఆ ఆకు కట్లు మాని డాక్టరుకు చూపించుకోమని నేను చెప్పానని చెప్పు. నేను ఇక్కడ బాగానే ఉన్నాను. ఫోన్లో నువ్వు "ఎలా ఉన్నావురా" అన్నప్పుడల్లా ఈ మాటే అంటాను, అని వెంటనే పెట్టేస్తాను. పని ఒత్తిడి వల్ల కాదక్కా. ఇంకొక్క నిమిషం మాట్లాడితే గొంతు మారిపోతుందని. అందుకే ఈ ఉత్తరం. ఇందులో ఒక ఫోటో కూడా పెడుతున్నాను. చివరిదాకా చదివాక చూడు. ఈపాటికే చూసేసి ఉంటావులే, నీ సంగతి నాకు తెలియదా.

నరసాపురంలో మన స్టూడియో మూసి నేను ఇక్కడికి వచ్చి నాలుగు నెలలు దాటింది. ఇంతవరకు గట్టి వాన ఒక్కటీ పడలేదు. మబ్బులు వస్తాయి, ఊరంతా తల పైకెత్తి చూస్తుంది, అవి పోతాయి. గాలి మాత్రం రోజంతా కొడుతూనే ఉంటుంది. పెదాలు పగిలి వెన్న రాసుకుంటున్నాను, నవ్వకు. నీళ్ల ట్యాంకరు వచ్చిన రోజు మేడ దిగి నేనూ బిందె పట్టుకుని నిలబడతాను. తిండికి లోటు లేదు. మూల మీది హోటల్లో పొద్దున బొరుగులతో చేసే ఉగ్గాని, మధ్యాహ్నం రాగి సంగటి, వేరుశనగ పచ్చడి. సంగటి మొదట్లో గొంతు దిగేది కాదు, ఇప్పుడు అది లేకపోతే భోజనం చేసినట్టే ఉండదు. చేపలు మాత్రం కలలోకి వస్తున్నాయి. నువ్వు వండే బొమ్మిడాయిల పులుసు గురించి మొదలుపెడితే ఈ ఉత్తరం ముందుకు సాగదు. అలాగని ఎండు రొయ్యలు పంపకు. కింద దుకాణం నిండా పట్టుచీరలు, వాసన తగిలితే శెట్టిగారు నన్ను ఊరు దాటిస్తారు.

శెట్టిగారు చెడ్డ మనిషి కాదు. దుకాణం మేడ మీద గది ఇచ్చారు, ఫ్యాను కూడా తిరుగుతుంది. ఆయన నేతగాళ్లకు పట్టు ఇస్తారు, వాళ్లు చీర నేసి తెస్తారు, దాన్ని నేను ఫోటో తీస్తాను, ఆ ఫోటో ఫోన్లలో నాలుగు ఊళ్లూ తిరిగి చీరకు బేరం తెస్తుంది. పని కష్టమేమీ కాదు. కానీ అక్కా, ఇరవై ఏళ్లు మనుషుల ముఖాలు తీసినవాణ్ణి. "గడ్డం కొంచెం పైకి, కళ్లు మూయకండి" అంటూ బతికినవాణ్ణి. ఇక్కడ పొద్దున్నుంచి సాయంత్రం దాకా బల్ల మీద చీర పరచడం, తీయడం, మడవడం. చీరకు గడ్డం ఎత్తమని చెప్పే పని లేదు. నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు కూడా లేరు. శెట్టిగారితో సహా అందరికీ నేను ఫోటో సారునే. నువ్వేమో ఫోన్ చేసినప్పుడల్లా "నీ ఫోటో ఒకటి పంపరా" అంటావు. ఎవరు తీస్తారక్కా?

ఇక అసలు సంగతి చెబుతాను. ఓబులన్న అని అరవై దాటిన నేతగాడు ఉన్నాడు. ఆయన నేసే చీరకు పడుగు చిలకపచ్చ, పేక వంకాయ రంగు. నిలువు పోగు ఒక రంగు, అడ్డం పోగు మరో రంగు కాబట్టి చీర కదిలితే రంగు మారుతుంది. బల్ల మీద పరిస్తే మాత్రం ఉత్త వంకాయ రంగే కనబడుతుంది. నేను పరిచి, ఫోనుతో తీశాను. కొన్నావిడ పెట్టె విప్పితే పచ్చగా మెరిసిందట. "మేం అడిగిన చీర ఇది కాదు" అని తిప్పి పంపింది. రెండో చీరా అలాగే తిరిగొచ్చింది. తప్పు నాది, నేతలో ఒక్క పోగు తప్పు లేదు. ఆ మాటే శెట్టిగారితో చెప్పాను.

"అదంతా నాకొద్దు సారూ. మూడోది గూడా ఎనక్కొస్తే ఆ మగ్గానికి ఇంక పడుగు ఇయ్యను" అన్నారు.

పడుగు ఇవ్వకపోతే ఓబులన్న మగ్గం ఆగినట్టే. ఆ ఇంట్లో ఆయనా, భార్య నాగమ్మక్కా తప్ప ఇంకెవరూ లేరు, నేత తప్ప వేరే పనీ రాదు. నా ఫోటో వల్ల ఒక ఇంటి మగ్గం ఆగిపోతుందనుకుంటే నాకు అన్నం సహించలేదు.

ఫోను రంగుల్ని తనకు తోచినట్టు దిద్దేసుకుంటుంది, సరైన కెమెరా కావాలని పట్టుబట్టాను. శెట్టిగారు ఒప్పుకున్నారు, కానీ పెద్దది వద్దన్నారు. దాన్ని చూస్తే నేతవాళ్ల ఇళ్లల్లో ఆడవాళ్లు లోపలికి వెళ్లిపోతారట. జేబులో పట్టేవాటిలో మంచివి రెండు ఎంచాను. రెండింట్లోనూ సెన్సర్ పెద్దది. సెన్సర్ అంటే మన పాత కెమెరాలో ఫిల్ము ఉండే చోట ఉండేది. వానలో చిన్న గిన్నె పెట్టడానికీ వెడల్పు పళ్లెం పెట్టడానికీ తేడా ఉంటుంది కదా, అలాగే అది పెద్దదైతే వెలుతురు ఎక్కువ పడుతుంది. ఒకదానికి జూమ్ ఉంది, దూరాన నిలబడి దగ్గరగా తీయొచ్చు. రెండోదానికి జూమ్ లేదు, లెన్సు కదలదు, దగ్గరగా కావాలంటే మనమే నడిచి వెళ్లాలి. ధరేమో దానిదే ఎక్కువ. బెంగళూరులో అద్దెకిచ్చే దుకాణం నుంచి రెండూ పది రోజులకు తెప్పించారు.

"పది దినాల్లో తేల్చు సారూ. నన్నడిగితే జూమ్‌దే మేలు. అది లేనిదానికి అన్ని దుడ్లు ఎవరిస్తారప్పా?" అన్నారు.

నా మనసూ జూమ్ వైపే ఉంది. కారణం నీకు చెప్పడానికి సిగ్గేముంది, ఓబులన్న ఇంటికి వెళ్లడానికి నాకు ముఖం చెల్లలేదు. అందుకని ఎదురింటి అరుగు మీద నిలబడి, జూమ్ లాగి, కిటికీలోంచి ఆయన మగ్గం మీది చీరను తీశాను. ఆ లెన్సు లాగినకొద్దీ వెలుతురు తక్కువ తీసుకుంటుంది, లోపల అసలే మసక. ఫోటో అంతా రవ్వ చల్లినట్టు వచ్చింది. మళ్లీ తీస్తున్నాను, మగ్గం చప్పుడు ఆగింది.

"ఏమప్పా ఫోటో సారూ!" అని ఓబులన్న లోపలి నుంచే కేక వేశాడు. "మా మగ్గం ఈడుండాది, నువ్వు ఆడ నిలబడి ఏం తీస్తాండావు? దొంగసాటు పనేంది, లోపలికి రా."

వెళ్లాను. తల వంచుకుని, చీరలు తిరిగిరావడం నా వల్లేనని చెప్పాను.

"తెల్సులే. అందుకేనా ఇన్ని దినాలు మా వీధి తప్పించి తిరుగుతాండావు?" అని ఆయన మళ్లీ మగ్గం ఆడించడం మొదలుపెట్టాడు. నాగమ్మక్క చెంబుతో నీళ్లు తెచ్చిచ్చి, "నీ పేరేంది నాయనా?" అంది.

చెప్పాను.

"సత్యమా? కూర్చో సత్యం."

అంతే అక్కా. ఆ ఒక్క పిలుపుకు చెంబు పక్కన పెట్టి అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.

మూడో రోజున చీర కోస్తాం, రమ్మన్నారు. ఈసారి జూమ్ లేనిదాన్ని తీసుకెళ్లాను. మగ్గం నుంచి చీర కోశారు, దీపం పెట్టారు. అప్పుడు నాగమ్మక్క నా వైపు ఒకసారి చూసి, ఆ చీరను భుజాన వేసుకుని, మగ్గం దగ్గర నుంచి గడప దాకా నడిచింది.

"మా ఇంట్లో ఇట్లే సేస్తాం. ఇన్ని దినాలు మా ఇంట్లో పెరిగిన సీర, ఊరికే పంపుతామా? ఒగ తూరి భుజానేసుకోని గడప దాకా పోతా. అంతే. శెట్టికి సెప్పొద్దు. ఏసుకున్న సీరంటాడు" అంది.

ఇంతమంది పెళ్లిళ్లకు చీరలు పంపిన మనిషి వాటిని ఒంటి మీద వేసుకునేది ఆ పది అడుగులే. ఆమె గడపలో నిలబడ్డాక, బయటి వెలుతురులో ఆ చీర భుజం దగ్గర పచ్చగా, మడతలో వంకాయ రంగుగా, రెండూ ఒకేసారి కనబడ్డాయి. చీర నిజం రంగు అదీ. జూమ్ లేదు కాబట్టి దగ్గరికి నడిచాను, రెండు బారల దూరంలోకి. నా నోటి నుంచి దానంతట అదే వచ్చేసింది, "గడ్డం కొంచెం పైకి అక్కా, కళ్లు మూయకండి." ఆమె నవ్వింది. తీశాను. నాలుగు నెలల్లో నేను తీసిన మొదటి ముఖం అది.

ఇప్పుడు చిక్కు చూడు. చీరను దుకాణంలో బొమ్మకు వేసి కూడా తీశాను, ఆ పచ్చ పలకలేదు. మగ్గాన్ని నిలబెట్టే ఫోటో అదొక్కటే, శెట్టిగారికి చూపకూడనిదీ అదే. మేడ మీద కూర్చుని చాలాసేపు ఆలోచించాను. సెన్సర్ పెద్దది కావడంతో ఫోటోలో ఏ ముక్క కోసి పెంచినా చెదరడం లేదు. భుజమూ మడతలూ మాత్రం ఉంచి, ముఖం కోసేసి, పదో రోజున భయపడుతూనే శెట్టిగారి ముందు పెట్టాను.

ఆయన ఫోటో పెంచుకుని చూశారు. "రంగు సరిగా ఉండాది. ఎవరికి ఏసినావు?"

"దుకాణంలో బొమ్మకండీ."

ఆయన ఇంకాసేపు చూశారు. "బొమ్మకు పసుపుతాడు యాడిదప్పా?"

మెడ దగ్గర సన్నగా పసుపుతాడు కొస మిగిలిపోయింది. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాణ్ణి, చూసుకోలేదు. ఓబులన్న మగ్గం నేనే ఆపేశాననుకున్నాను.

శెట్టిగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "రెండు వేళ్లంత లోపలికి కొయ్యి సారూ" అన్నారు మెల్లగా. "మా అమ్మ గూడా మగ్గం ఇంట్లో పుట్టిందే. ఒగ తూరి భుజానేసుకునేది నాకు తెల్దా? కోసి పంపు. ఆ జూమ్ లేనిదే కొందాంలే."

చీర వెళ్లింది. తిరిగి రాలేదు. ఫోటోలో చూసినట్టే ఉందని కొన్నావిడ రాసింది, అలాంటిదే ఇంకోటి అడిగింది. మొన్న శెట్టిగారు ఓబులన్నకు కొత్త పడుగు ఇచ్చారు. నేనే మోసుకెళ్లాను.

అక్కా, చిన్న పని. నా పాత ట్రంకు పెట్టెలో అడుగున బూడిద రంగు గుడ్డ ఒకటి ఉంటుంది, రంగులు సరిచూసుకోవడానికి వాడేవాణ్ణి. దాన్ని పార్సిల్లో పంపు. స్టూడియో బోర్డు ఇంకా పెరట్లోనే ఉంటే బావగారిని ఎండ తగలకుండా లోపల పెట్టించమను. ఎందుకని అడగకు. నేను బాగానే ఉన్నాను, నిజంగానే బాగున్నాను, సాయంత్రాలు మాత్రం కొంచెం పొడుగ్గా ఉంటాయి.

ఇవాళ నాగమ్మక్క ఫోటో పెద్దదిగా ప్రింటు తీయించి పట్టుకెళ్లాను, ముఖంతో సహా. చాలాసేపు చూసుకుంది. తర్వాత, "మీ అక్క అడుగుతాదంటివే, నీదేదీ?" అంటూ నా చేతిలోంచి కెమెరా లాక్కుని గడపలో నిలబడింది.

"శానా సిన్నగా కనపడతాండావే. దగ్గరికి లాగేది యాడుండాది?"

"దీనికి లేదక్కా. మీరే రావాలి."

వచ్చింది. ఒక్కొక్క అడుగే వేస్తూ, చెయ్యి చాపితే అందేంత దగ్గరికి వచ్చి నిలబడి, "గడ్డం పైకెత్తు సత్యం" అంది. ఈ ఊరొచ్చాక నా ముఖాన్ని అంత దగ్గరగా చూసినవాళ్లు లేరు.

ఆ ఫోటోనే ఇది. వంకరగా వచ్చింది, ఒక చెవి తెగింది. కళ్లు తడిగా ఉన్నాయేమిరా అని నువ్వు అడుగుతావు. ఫోన్లో అడిగితే ఎండ అని చెబుతాను. ఎండ కాదక్కా.

బావగారికి నా నమస్కారాలు. మీ ఇద్దరి దీవెన నా వెంట ఉండనీ.

నీ తమ్ముడు,
సత్యం