చక్రాల లివర్ కింద దొరికిన పోగు

అల్మాస్‌గూడ,
12-2-2025.

పెద్దలు భానుమూర్తి అన్నకు,

నీ ఎంబడి తమ్ముని లెక్క తిరిగిన గజేందర్ నమస్కారం పెట్టి రాస్తున్న. ఇక్కడ మా అమ్మ, నా భార్య యాదలక్ష్మి, నేను బాగున్నం. తణుకుల నువ్వు, అమ్మాజీ వదిన సల్లగ ఉండాలె. ఇరవై రెండేండ్లకు ఈ ఉత్తరం ఏందని పరేషాన్ కాకు. ఫోన్ చేస్తే నా గొంతు ఇని పెట్టేస్తవని భయం. కాయితమైతే చింపేలోపల రెండు లైన్లన్న చదువుతవు.

ముందుగాల ఒక ముచ్చట. మన ట్రైనింగ్ విమానం యాదికున్నదా? ఎందుకుండదు, నీ నౌకరి తిన్నదే అది. ఫ్లయింగ్ స్కూలోళ్లు ఇన్నేండ్లు హ్యాంగర్ మూలకు పడేసి, పోయినేడు పాత సామాన్ల కింద ఇచ్చేసిన్రు. నరేష్‌కుమార్ అని ఒకాయన దాని ముంగటి భాగం తెచ్చి దిల్‌సుఖ్‌నగర్‌ల మూడో అంతస్తు మీదికి ఎక్కించిండు. చుట్టూ తెరలు పెట్టి సిమ్యులేటర్ చేస్తున్నడు. నేల ఇడువకుంట విమానం నడుపుడు నేర్పుతడట. తాళ్లు గట్టి పైకి గుంజుతుంటే కింద మిర్చిబజ్జీలామె ఇది లేస్తదా బిడ్డా అని అడిగింది. లేవదమ్మా అన్నడు నరేష్. మరి గింత తిప్పలెందుకని ఆమె మళ్ల బజ్జీలల్ల పడ్డది.

బటన్ నొక్కుతే చేతికి ఏం తెలుస్తది, చక్రాలు లేపి దించే అసలు లివరే పని చెయ్యాలె అని నరేష్ పట్టు. పాత మెకానిక్‌ల కోసం ఆరా తీసుకుంట నా దగ్గరికొచ్చిండు. ఏ విమానమో అడగకనే సరే అన్న. పోయి చూస్తే రబ్బరు చక్రం పిడి, దాని మీద నువ్వు గీరిన గీత. ఆ గీత మీద ఏలు పెట్టి చూసిన, మన విమానమే అన్నా.

గా దినం నీకు చెప్పేదేముంది, అయినా రాస్తే నా గుండె బరువు జర దిగుతది. లివర్ బిర్రుగున్నదని నువ్వు ఇప్పి, సాఫ్ చేసి, కిందికి దించి లాక్ చేసినవు. టక్కుమన్నది. సంతకం పెట్టి అన్నానికి పోయినవు. మధ్యాహ్నం కరెంటు ఇచ్చి చక్రాల ఆయిల్ పంపు ఆన్ చేస్తే లివర్ దానంతటదే పైకి జారింది, నిలబడ్డ విమానం చక్రాలు ముడుసుకొని పొట్ట మీద కూలబడ్డది. ఎవరికీ దెబ్బ తాకలే, గదే పుణ్యం. ఎంక్వైరీల నువ్వు ఒకటే మాట మీదున్నవు, లాక్ పడిందండీ, చప్పుడు నా చెవులారా విన్నానండీ అని. నన్నడిగితే నేను చూడలే సార్ అన్న. నువ్వు నా దిక్కు మళ్లి, నువ్వు కూడా నమ్మవా గజేందరూ అన్నవు. నేను నా మాట కింద సంతకం పెట్టి బయటికొచ్చిన. తెల్లారే నిన్ను తీసేసిన్రు. విమానాలు చేసిన చేత్తోటి నువ్వు తణుకుల బోరు మోటర్లు చుట్టుకుంట కూసున్నవని ఇన్నప్పుడల్ల అన్నం సయించకపోయేది.

ఇగ పని సంగతి. కిరసనాయిల్‌ల నాలుగు దినాలు నానబెడితే గాని తుప్పు ఇడువలే. స్ప్రింగు కొత్తది ఏసిన. చక్రాలు దిగినయని చూపే మూడు పచ్చ లైట్లు ఎలిగించిన. అన్నీ అయినయ్ గని లాక్ పిన్ను మాత్రం సగానికే దిగి ఆగిపోతున్నది. టార్చి పట్టి చూస్తే పిన్ను గుంతల నలిగి నల్లబడ్డ దారం ముక్క. ఎనుక వైర్ల కట్టకు కట్టిన దారం తోకనే అది. పట్టుకారుతోటి గుంజి పిన్ను ఇడిస్తే టక్కుమన్నది. నువ్వు చెప్పిన చప్పుడే అన్నా! దారం ముందే ఉంటే నీకు ఆ చప్పుడే రాకపోయేది, నువ్వు లాక్ చేసినంకనే ఎవరో వైర్లు కట్టిన్రు. నీ తప్పు రవ్వంత లేదు. ఆ దారం ఎవరిదో ఏమో, ఇన్నేండ్ల సంగతి.

వచ్చే ఆదివారం సిమ్యులేటర్ మొదటిసారి నడుపుతరు. నువ్వు రావాలె. ఎల్‌బీ నగర్‌ల బస్సు దిగంగనే నేనుంట. మా అమ్మ భాగ్యమ్మ ఎనభై ఏండ్లకు గూడ నిన్ను అడుగుతనే ఉంటది. నా అంగి జేబుల ఎప్పుడూ రంగు పోగులు చూసి, విమానానికి చీర నేస్తావేంట్రా అని నువ్వు ఎక్కిరించేటోనివని చెప్తే ఇప్పటికీ నవ్వుతది.

వదినకు నమస్కారాలు.

నీ మాట కోసం ఎదురుచూసే,
గజేందర్.

తా.క.: పైన ఎవరిదో ఏమో అని రాసిన. అబద్ధం. ఉత్తరం చింపి మళ్ల రాద్దామనుకున్న, గని నేనెంత పిరికోన్నో నీకు కనబడాలెనని అట్లనే ఉంచిన. దారం కడిగినంక రంగు తేలింది. ఏలెడు ఎరుపు, ఏలెడు తెలుపు. అది మా పోచంపల్లి పోగు, మా అమ్మ కట్లు గట్టి రంగుల ముంచింది. నువ్వు అన్నానికి పోయినంక ఎనుక వైర్లు ఏలాడుతున్నయని లివర్ జర ఎత్తి చెయ్యి పెట్టిన. వైర్లు కట్టే మైనం దారం అయిపోయింది, జేబుల పోగు తీసి కట్టిన. రంగు ఏసినంక కట్టు ఇప్పుకునేటందుకు అల్కగుండాలెనని మేము నేతోళ్లం దారానికి తోక ఇడుస్తం. గదే అలవాటుల ఇడిసిన. మళ్ల లివర్ దించిన గని చప్పుడు ఇన్నానా లేదా అని చూసుకోలే. ఎంక్వైరీల గీ సంగతి చెప్పనే లేదు. చిన్న పనే గదా, దానికీ దీనికీ ఏం సంబంధమని నాకు నేనే చెప్పుకున్న.

నిన్న ఫ్లయింగ్ స్కూలోళ్లకు నా పేరు మీద అంతా రాసి పంపిన. నకలు ఇందుల పెట్టిన, పోగు గూడ పెట్టిన. మా అమ్మకు చెప్తే పోగు చేత పట్టుకొని, తోక ఇడువుమని నేర్పింది నేనే గదరా అని ఏడ్సింది.

బస్సు దిగినంక నన్ను కొట్టాలనిపిస్తే కొట్టు. గని ఆ లివర్ ముందుగాల నువ్వే దించాలె. ఈసారి నేను పక్కన నిలబడి ఆ చప్పుడు ఇంట.